సైలస్ మాస్టారి మూడు రంగులు

మొన్న పలాసలో రక్తపరీక్షలు చేసేచోట ఒక అమ్మాయి నా చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా పెట్టి, "తాతా, ఆ మూల బాత్రూముంది, ఎల్లి పట్టుకురా" అంది. వెళ్లాను, పట్టాను. బయటికొచ్చి, ఇవ్వవలసిన సీసా ఇవ్వకుండా గుమ్మంలో నిలబడి ఎండకెత్తి చూశాను. అరచేతికి వెచ్చగా తగులుతోంది. ఎండ దాంట్లోంచి దూరి నా తెల్ల చొక్కా మీద పసుపుపచ్చని మచ్చ వేసింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ వెచ్చదనంలోంచి జీడిపిక్కలు ఆరబోసిన సిమెంటు కళ్లం, దాని మీద బంతి దబదబమని పడే చప్పుడు, చెమటా జీడినూనే కలిసిన ఘాటు వాసన, వాటన్నిటి మీదుగా ఒక బొంగురు గొంతు వచ్చాయి. "రంగేటి?"

ఆ గొంతు సైలస్ మాస్టారిది. మీరెవరూ ఆయన్ని ఎరగరు. బాస్కెట్‌బాల్ నేర్పే మాస్టారు. ఏడడుగుల మనిషి. మా ఇంటి గుమ్మం దాటాలంటే నడుం వంచి, తల వంచి, ఆ తర్వాత మళ్లీ ఒకసారి వంగేవాడు. సరే, ఏడు కాదు. ఆరుకి కాస్త అటూ ఇటూ. నా పక్కన నిలబడితే ఏడులా కనిపించేవాడు, అది నా ఎత్తులోని లోపం. నాకు చిన్నప్పటి నుంచి ఈ జబ్బుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే నోరు చప్పబడిపోయినట్టుంటుంది. జబ్బు పూర్తిగా పోలేదు గాని, పెంచి చెప్పిన తర్వాత నాకు నేనే దించుకునే అలవాటు ఒకటి అబ్బింది. అబ్బేలా చేసింది ఆ మాస్టారే. అందుకే ఆయన గురించి రాస్తున్నాను, దించుకుంటూ.

తొంభైల చివర్లో మా అక్క మొగుడికి, అంటే మా బావకి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. వ్యాపారం బాగా సాగినవాళ్లు గుడికి ధ్వజస్తంభం చేయిస్తారు, లేకపోతే ఎన్నికల్లో నిలబడతారు. మా బావ విశాఖపట్నం వెళ్లి, అక్కడ ఏదో మైదానంలో పొడుగాటి కుర్రాళ్లు గాలిలోకి లేచి బంతిని బుట్టలో వేస్తుంటే చూసి, మనసు పారేసుకుని వచ్చాడు. ఇచ్ఛాపురం నుంచి నిమ్మాడ దాకా ఊరూరా తిరిగి, సరుగుడు చెట్లలా పెరిగిన కుర్రాళ్లని ఏరి తెచ్చాడు. వాళ్లకి నెలజీతం పెట్టాడు, తిండి పెట్టాడు, ఆడటం తప్ప వేరే పని చెప్పలేదు. ఆసియా ఖండంలో ఆటగాళ్లకి జీతమిచ్చి పోషించిన మొట్టమొదటి జీడిపప్పు వ్యాపారి మా బావ అని నేను చాలా పెళ్లిళ్లలో చెప్పాను. ఆసియా సంగతి నిజంగా నాకు తెలియదు. నాగావళికి ఇవతల మాత్రం ఇంకొకరు లేరనుకుంటాను.

ఆట స్థలం వేరే లేదు. పిక్కలు ఆరబెట్టే కళ్లమే మైదానం. పగలంతా పిక్కలు ఎండేవి. పొద్దు వాలగానే ఆడవాళ్లు చెక్కలతో లాగి కుప్పలు చేసి గోనెలు కప్పేవారు. అప్పుడు చక్రాలున్న బుట్టల స్తంభాల్ని అటొకటీ ఇటొకటీ తోసుకొచ్చేవాళ్లం. ఎంత ఊడ్చినా సిమెంటుకి జీడినూనె జిడ్డు పట్టే ఉండేది. పరాయి జట్లు వచ్చి మా కళ్లంలో ఆడితే మంచు మీద పడ్డట్టు జారిపడేవారు. నన్ను జట్టుకి మేనేజరుని చేశారు. జట్టుకి మెదడుని నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి నా చేతిలో ఉండేది సైకిలు పంపు. బంతులకి గాలి కొట్టడం, బస్సు టిక్కెట్లు తీయడం, అన్నాలు వండించడం నా పని.

సైలస్ మాస్టారిది టెక్కలి. బాప్టిస్టు క్రైస్తవుల కుటుంబం. ఎక్కడో ఉత్తరాదిన పెద్ద జట్టుకి చాలాకాలం ఆడి, కుడి మోకాలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. నడుస్తుంటే ఆ కాలు ఒక ఆలోచన వెనకబడి వచ్చేది. ఆయనకి ముందున్న కోచ్ కుర్రాళ్లని వాంతులయ్యేదాకా పరుగెత్తించేవాడు. మా బావ కుర్చీ వేసుకుని చూస్తూ, ఒకడు కక్కగానే "అదీ కసరత్తంటే!" అని తొడ చరిచేవాడు. సైలస్ మాస్టారు వచ్చిన మొదటి వారంలోనే, పిక్కలు ఆరబోయకముందు జరిగే పొద్దుటి పూట ఆట మాన్పించి, ఆ వేళ కుర్రాళ్లని పడుకోమన్నాడు. మా బావ పంచె ఎగ్గట్టుకుని కళ్లంలోకి వచ్చాడు.

"ఏటి మాస్టారూ, పొద్దున్న ఆట నేదంట? జీతాలిచ్చి పడుకోబెట్టడానికి ఈళ్లేటైనా నా కొత్తల్లుళ్లా?"

మాస్టారు కుప్పలోంచి ఒక పిక్క తీసి వేళ్ల మధ్య తిప్పాడు. నన్ను చూసి జట్టంతా మా బావని బావగారనే పిలిచేది. "బావగారూ, నాకు తెలీక అడుగుతాను. పిక్కని ఆవిరిలో ఉడికించినాక ఏటి సేత్తారు?"

"ఆరబెడతాం."

"ఆర్డరు తొందరగా ఉంటే? ఏడేడిగా కోసీకూడదా?"

మా బావ నవ్వాడు. ఆయనకి లోకంలో బాగా తెలిసిన విషయం అదొక్కటే. "ఏడిమీద కోత్తే గుండు రాదు మాస్టారూ. పప్పు ముక్కలైపోద్ది. ముక్క ఎవడిక్కావాల?"

"ఈళ్లూ అంతే. పొద్దున్న ఉడికించి, ఆరకుండానే సాయంత్రం కత్తికింద పెడితే ముక్కలే వత్తాయి." మాస్టారు ప్యాంటు మోకాలి పైదాకా లాగి, కుట్లతో చిక్కులు పడిన ఆ మోకాలు చూపించాడు. "ఇదుగో, ముక్క. నన్ను ఆరనిచ్చినోడు ఒక్కడూ నేడు."

మా బావ ఆ మోకాలి వంక చూసి, పంచె దింపుకుని, లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి జట్టు పద్ధతి మారింది. ఒక రోజు బరువైన ఆట, మర్నాడు తేలికది. ఊరికి పోయి ఆడి వచ్చిన మర్నాడు బంతి ముట్టుకోవడమే లేదు. ఎవడైనా గొణిగితే మాస్టారు, "దేవుడే ఏడో రోజు కూకున్నాడ్రా. నీకు ఆయన కన్నా ఎక్కువ పనుందా?" అనేవాడు. ఆదివారం ఆయన టెక్కలిలో చర్చికి, కుర్రాళ్లు ఎవరి ఊళ్లకి వాళ్లు.

ఇక రంగుల సంగతి. సాయంత్రం ఆట మొదలవబోయే ముందు మాస్టారు కుర్రాళ్లని వరసలో నిలబెట్టి ఒక్కొక్కడి ఎదురుగా ఆగేవాడు. "నిద్దరెలాగుంది? అన్నం సయించిందా? రంగేటి?" అని మూడు ప్రశ్నలు. మూడోది ఉచ్చ రంగు. దానికి ఆయన మూడే పేర్లు పెట్టాడు. కొబ్బరినీళ్లు, జీడిపండు రసం, డికాషన్. కొబ్బరినీళ్లన్నవాడు ఆడొచ్చు. జీడిపండు రసమన్నవాడు రెండు చెంబులు నీళ్లు తాగి, సగం ఆటే ఆడాలి. డికాషన్ అన్నవాడు ఆ రోజు బంతి ముట్టుకోకూడదు. పరుగులో నీళ్లు తాగితే డొక్క పట్టేస్తుందని మా వైపు నమ్మకం. ఎండలో గంటలకొద్దీ గెంతి ఒక్క గుక్క కూడా తాగకపోవడమే మగతనమనుకునేవారు. మొదట్లో ఆ ప్రశ్నకి కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. అందరూ ఒకే గొంతుతో "కొబ్బరినీళ్లు మాస్టారూ!" అని అరిచేవారు.

"ఓలబ్బ, కోనసీమ అంతా ఇక్కడే ఉన్నాదే" అనేవాడు మాస్టారు. "సరే. పెదాలు పగిలినోడూ, కళ్లు పీక్కుపోయినోడూ కూడా కొబ్బరినీళ్లే. నాకేం, నమ్మేత్తాను. అబద్దం నాకు సెప్తే నాకేటవదు. ఒల్లు ఇంటాది."

ఒకసారి ఒక కుర్రాడు తల దించుకుని "రసం" అన్నాడు. నేను ఊరుకోకుండా, "ఒరే, జీడిపండు రసం ఊరికే పారబోయకు, పులియబెడితే సరుకొత్తాది" అన్నాను. అందరూ నవ్వారు. వాడి మొహం ఎర్రబడింది. మాస్టారు నా వైపు తిరిగి, నవ్వుతూనే, "మేనేజరుగారూ, ఇవాళ నిజం సెప్పినోడు ఆడొక్కడే. ఆణ్ణి నవ్వులపాలు సేత్తే రేపు నాకు మొత్తం కొబ్బరితోటే దొరుకుద్ది" అన్నాడు. ఆ సాయంత్రమే మా బావ దగ్గరికి వెళ్లి, కూర్చోబెట్టిన కుర్రాడికి కూడా జీతం కోయకుండా ఆడినవాడికిచ్చినంతే ఇవ్వాలని ఒప్పించి వచ్చాడు. ఆ తర్వాత నెమ్మదిగా వరసలో రసాలు వినపడసాగాయి. జనం ఏమనుకున్నా, ఆ జట్టు గెలవడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.

నన్నూ ఆయన ఆ వరసలో వదల్లేదు. నేను బంతికి గాలి కొడితే రాయిలా బిగిసేదాకా కొట్టేవాణ్ణి. మాస్టారు బంతిని భుజం ఎత్తు నుంచి వదిలేవాడు. అది ఎగిరి మళ్లీ ఆయన భుజం దాకా వచ్చేసేది. ఆయన జేబులోంచి సూది తీసి గుచ్చి, బొటనవేలితో నొక్కుతూ, కొంచెం గాలి సుస్సుమని వదిలేవాడు. "గాలి కావాల మేనేజరుగారూ. గాలి నేకపోతే బంతేటి? కొంచెం తియ్యడం కూడా తెల్సుకోవాల, అంతే" అనేవాడు. ఆయన వెళ్లిన ఊళ్లన్నిటిలోనూ మా గెలుపుల గురించి నేను చెప్పిన కథలు ఆయన చెవిన పడుతూనే ఉండేవి మరి.

ఇప్పుడు ఢిల్లేశు గురించి చెప్పాలి. ఢిల్లేశ్వరరావు. కవిటి దాటాక, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో వాళ్ల ఊరు. జట్టులో అందరికన్నా పొడుగువాడు, బుట్ట కింద గోడలా నిలబడేవాడు. చేయి చాపితే వాన ఆగిపోతుందనేవాణ్ణి నేను. వాన ఆగేది కాదు గాని పరాయి జట్టు మాత్రం ఆగేది. వాడొక్కడి విషయంలో మాస్టారి లెక్క తప్పుతూ వచ్చింది. వారమంతా జాగ్రత్తగా ఆడించి, శనివారం నవనవలాడుతున్నవాణ్ణి ఇంటికి పంపిస్తే, సోమవారం వాడిపోయిన అరిటాకులా వచ్చేవాడు. ఆదివారం ఒక్కరోజే వాణ్ణి వారం పాటు ఆడించినంత పని చేస్తోంది. ఒక ఆదివారం మాస్టారు చర్చి నుంచి తిన్నగా బయలుదేరి, నన్ను కూడా బస్సెక్కించుకుని, వాళ్ల ఊరు వెళ్లాడు.

వెళ్లేసరికి ఢిల్లేశు భుజాన కావిడి ఉంది. రెండు వైపులా కొబ్బరికాయల బుట్టలు. తోటలోంచి రోడ్డు మీదున్న లారీ దాకా ఇసకలో మోస్తున్నాడు. మమ్మల్ని చూసి కావిడి దింపబోయి, దింపలేక, అలాగే నిలబడిపోయాడు. లోపలి నుంచి వాళ్లమ్మ వచ్చింది. "ఓలమ్మ, మాస్టారే! కుర్సీ నేదు బావూ, మంచం మీద కూకోండి" అని తుండుతో మంచం దులిపింది. గోడకి ఢిల్లేశు తండ్రి ఫొటో ఉంది. ఎండిన బంతిపూల దండ. మనిషి మా బావ కన్నా చాలా చిన్నవాడు.

"అమ్మా, ఆడికి ఇవాళ సెలవిచ్చినాను" అన్నాడు మాస్టారు.

"అవునంట బావూ. సెలవిచ్చినారని ఇంటికొచ్చి కాళ్లు సాపుకుని కూకుంటే ఊరోళ్లు ఏటంతారు? ఒంట్లో బాగునేదేటి అంతారు." ఆవిడ గొంతు తగ్గింది. "మా ఊళ్లో మొగోడు పగటేల కూకుంటే బయం మాస్టారూ. ఈళ్ల నాన్న అలగే కూకున్నాడు. కాళ్లు ఉబ్బినాయి, మొకం ఉబ్బినాది. మరి లెగనేదు. కిడ్నీలన్నారు, ఈ ఊరి నీళ్లన్నారు. పక్కింట్లో అదే, ఆ ఎనకింట్లో అదే. ఆడు కావిడి మోత్తే నా కడుపు సల్లగుంటాది. బాగున్నాడు గదా అని."

 ఇంతలో ఢిల్లేశు మాకోసం బొండాలు కొట్టాడు. మాస్టారు తన బొండాంలో నీళ్లు గాజుగ్లాసులోకి వంచి, వాకిట్లోకి వెళ్లి ఎండకెత్తి చూశాడు. గ్లాసు వెనకనున్న తోట అంతా అందులోంచి కనిపిస్తోంది. తాగకుండా దాన్ని ఢిల్లేశు చేతికిచ్చాడు. "తాగరా. రంగు గురుతెట్టుకో" అన్నాడు. అంతే. ఫొటో వంక చూడలేదు, వాడి కాళ్ల వంక చూశాడు.

తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఆడికి ఆదివారం పూట నానొక పని సెప్తాను, సేయిత్తావా?" అన్నాడు.

"సెప్పండి బావూ."

"వాకిట్లో కొబ్బరి ముక్కలు ఎండబెట్టినావు గదా. కాకులు తన్నుకుపోతన్నాయి. ఈడు నీడన మంచమేసుకుని కాపలా కాయాల. మంచం దిగకూడదు. ఆదివారమంతా ఇదే పని. దిగితే నాకు కబురెట్టు."

ఆవిడ ఆలోచించింది. మొహం విచ్చుకుంది. "కాపలా ఐతే పనే మరి" అంది.

ఆ ఊళ్లో కూర్చున్న మగవాడు జబ్బుమనిషి. కాపలా కాసేవాడు మాత్రం పనిమంతుడు. ఈ తేడా మాస్టారు అక్కడికక్కడ పట్టుకున్నాడు. ఆ పైవారానికే కుర్రాళ్లందరి ఇళ్లకీ ఆ కబురు వెళ్లింది. ఆ ఏడాది ఉద్దానంలో, అంటే మా కొబ్బరితోటల సీమలో, పొడుగాటి కుర్రాళ్లు కాళ్లు బయటికి వేలాడేసుకుని మంచాల మీద కాపలా కాశారు. ఇచ్ఛాపురం నుంచి బారువ దాకా ఒక్క కాకికి కూడా కొబ్బరి ముక్క దొరకలేదు, పాపం అవి ఒరిస్సా వలసపోయాయి. కాకుల సంగతి నా కల్పన. ఢిల్లేశు సోమవారాలు నవనవలాడుతూ రావడం మాత్రం నా కల్పన కాదు.

ఆ రోజుల్లోనే వేసవిలో టెక్కలిలో పెద్ద పోటీ పెట్టారు. ఫైనల్‌కి మేము వచ్చాం. ఎదుటి జట్టు విశాఖపట్నానిది. ఆటకి రెండు వారాల ముందు కబురొచ్చింది, కటక్ వైపు ఒక పెద్ద కంపెనీ వాళ్లు తమ జట్టుకి ఒక పొడుగువాణ్ణి ఏరుకోవడానికి వస్తున్నారని. ఏరుకుంటే ఉద్యోగం. జీవితాంతం ఉండే ఉద్యోగం, కంపెనీ క్వార్టరు. అందరి కళ్లూ ఢిల్లేశు మీదే. ఉద్యోగం వస్తే వాళ్లమ్మని ఆ ఊరి నీళ్ల నుంచి, ఆ మంచాల నుంచి దూరంగా తీసుకుపోతానని నాతో అన్నాడు. "సూడు మావా, క్వార్టరంటే కుళాయుంటాది గదా?" అని అడిగాడు. కుళాయేమిటి, రెండు కుళాయిలూ, మేడా, మేడ మీద తోటా ఉంటాయని నేను వర్ణించాను. నేనెప్పుడూ కంపెనీ క్వార్టరు చూడలేదు.

ఆ ఉద్యోగం కోసం వాడు మాస్టారికి తెలియకుండా చేసిందేమిటో మాకు తర్వాత తెలిసింది. మాస్టారు పెట్టిన ఆట సరిపోదనుకున్నాడు. పొద్దున్న అందరూ పడుకున్న వేళ రోడ్డు మీద, ఆదివారాలు వాళ్ల ఊరి సముద్రపు ఇసకలో పరుగు, ఎండెక్కేదాకా. మోకాలు నొప్పెడితే మందుల షాపులో నొప్పి బిళ్లలు, రోజూ. కాపలా మంచం ఖాళీగా ఉండేది. వాళ్లమ్మ కూడా చెప్పలేదు. కొడుకు పరుగెడుతున్నాడంటే బాగున్నాడనే ఆవిడ లెక్క.

ఫైనల్ రోజు సాయంత్రం టెక్కలి మైదానం నిండిపోయింది. కంపెనీ వాళ్లు ముగ్గురో నలుగురో ముందు వరస కుర్చీల్లో, మెడలో తువ్వాళ్లు వేసుకుని కూర్చున్నారు. మా బావ పక్కన కూర్చుని వాళ్లకి జీడిపప్పు పొట్లాలు ఇస్తున్నాడు. ఆట మొదలవడానికి ముందు, ఎప్పట్లాగే, మాస్టారు మా కుర్రాళ్లని ఒక పక్కన వరసలో నిలబెట్టాడు. జనం మధ్య, ఫైనల్ రోజున కూడా అదే ప్రశ్న. కొబ్బరినీళ్లు. కొబ్బరినీళ్లు. రసం. కొబ్బరినీళ్లు. మాస్టారు ఢిల్లేశు ముందుకొచ్చి ఆగాడు.

"రంగేటి?"

వాడు నోరు తెరిచాడు. మూశాడు. కంపెనీ వాళ్ల కుర్చీల వైపు ఒకసారి చూశాడు.

"డికాషన్ మాస్టారూ."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. వేళాకోళమనుకున్నారు. మాస్టారు నవ్వలేదు. "ఎప్పట్నించి?"

"నిన్నట్నించి. ఇవాళ సరిగ్గా రాట్లేదు కూడా."

మాస్టారు చిన్నపిల్లాడి చొక్కా విప్పినట్టు వాడి రెండు చేతులూ పైకెత్తించి, బనియను తీసేశాడు. అది చూసి మా బావ కుర్చీలోంచి లేచి పరుగున వచ్చాడు.

"ఏటి మాస్టారూ, ఏటి సేత్తన్నావు? ఆడి కోసమే వచ్చినారు ఆళ్లు! ఒక సూది మందు పొడిపించు, ఒక గంట ఆడితే ఆడి బతుకు మారిపోద్ది!"

"బావగారూ, పిక్కని ఆరబెట్టాలంటే ఆగుతారు. మనిషిని ఆపాలంటే ఆగలేరేటి?"

"రేపు ఆరబెట్టుకో! ఇవాళ ఆడించు!"

"రేపటికి ముక్కైపోద్ది" అన్నాడు మాస్టారు. గొంతు పెంచలేదు.

అప్పుడు నేను వాళ్లిద్దరి మధ్యకి వెళ్లి, బావ చేయి పట్టుకుని, "బావా, మాస్టారు చెప్పినట్టు చెయ్యకపోతే ఈ క్షణమే నేను మేనేజరు పనికి రాజీనామా ఇస్తున్నాను" అని గర్జించాను. అక్కడున్న జనమంతా చప్పట్లు కొట్టారు.

లేదు. నేను స్తంభం వెనక బంతికి గాలి కొడుతున్నాను. వాళ్ల మాటలు వినపడుతున్నంతసేపూ కొడుతూనే ఉన్నాను. గర్జన నేను తర్వాత తయారు చేసుకున్నది. నేను నిజంగా చేసిందల్లా, మాస్టారు వచ్చి "జీపు తాళం" అని చేయి చాపితే, బావ వద్దని అరుస్తున్నా, నా దగ్గరుండే బావ జీపు తాళం జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టడం. ఆయన ఢిల్లేశుని ఎక్కించుకుని, ఫైనల్ ఆట వదిలేసి, శ్రీకాకుళం పెద్దాసుపత్రి దారి పట్టాడు. పోతూ పోతూ, "ఆడించు మేనేజరుగారూ" అన్నాడు నాతో.

అది నేను కోచ్‌గా ఆడించిన ఒకే ఒక్క ఆట. ఒక్క పాయింటుతో చేజారిపోయిందని నలుగురికీ చెబుతుంటాను. ఒక్క పాయింటు కాదు. విరామం తర్వాత మా జనమే లేచి పకోడీల బండి దగ్గరికి పోయారు. అంత తేడా. కంపెనీ వాళ్లు విశాఖ జట్టులో ఒక కుర్రాణ్ణి పిలిచి పేరు రాసుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు, ఎండా, నీళ్లు తాగకపోవడం, మోతాదు మించిన పరుగు, పైగా ఆ బిళ్లలు, అన్నీ కలిసి మూత్రపిండాల మీద పడ్డాయన్నాడట. ఈ ఒంటితో ఇంకో గంట ఆడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడట. వారంపైనే సెలైన్లు ఎక్కించారు. వాళ్లమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, కొడుకు సీసాలోకి పోసిన ప్రతిసారీ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసేది. రంగు పలచబడ్డ రోజున ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి, ఆ సీసా చేతిలో పట్టుకునే ఏడ్చింది. అది నేను చూశాను. దీంట్లో పెంచిందేమీ లేదు.

మా బావ మాస్టారిని మాన్పించాడు. తిట్టలేదు. "ఇంక మీరు టెక్కల్లోనే ఉండండి మాస్టారూ" అని కబురు పంపాడు. పంపింది నాచేతే. నేను ఆ మాటని ఎన్ని పూలతో చుట్టి చెప్పానో. జట్టుకి సెలవిచ్చారనీ, మళ్లీ పిలుస్తారనీ, బావ కంట నీళ్లు పెట్టుకున్నాడనీ. మాస్టారు విని, "ఇప్పుడు కొంచెం గాలి తియ్యండి మేనేజరుగారూ" అన్నాడు. "మాన్పించీసినారు మాస్టారూ" అన్నాను. "ఊఁ" అన్నాడు. "ఆడెలాగున్నాడు?" కొబ్బరినీళ్లు, అన్నాను. అప్పుడు ఆయన నవ్వాడు, మోకాలు రుద్దుకుంటూ. ఆయన లేకుండా జట్టు ఇంకొన్నాళ్లు ఆడింది, ముక్కలు ముక్కలుగా. తర్వాత కళ్లం మళ్లీ పిక్కలదే అయింది.

ఎందుకు నిజం చెప్పావురా అని ఢిల్లేశుని తర్వాత ఎప్పుడో అడిగాను. "కొబ్బరినీళ్లనే అందామనుకున్నాను మావా. నోటిదాకా వచ్చినాది. అడిగినప్పుడు మాస్టారు నా మొకం సూళ్లేదు, కాళ్లకేసి సూసినారు. మా నాన్న కాళ్లకేసి అమ్మ సూసేది, సరిగ్గా అలగే. ఇంక అబద్దం రానేదు" అన్నాడు. వాడికి ఆ ఉద్యోగం మళ్లీ రాలేదు. ఊళ్లోనే కొబ్బరి మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు. పిల్లలు. నీళ్లు కాచి చల్లార్చి తాగుతారు. ఏడాదికోసారి ఒంటికి పరీక్ష. కిందటేడు వాడి కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, మాటల్లో అన్నాడు, "మా నాన్న వయసు దాటీసి సానా ఏల్లైంది మావా. ఉజ్జోగం రానేదు గాని, వయసొచ్చినాది."

ఆ మాట మాస్టారు వినలేదు. ఆయన అంతకు ముందే వెళ్లిపోయాడు. చివరి రోజుల్లో టెక్కలిలో వాళ్లింటికి చూడటానికి వెళ్లాను. మంచం మీద సగం కూడా నిండకుండా ఉన్నాడు, ఏడడుగుల మనిషి. ఏం మాట్లాడాలో తెలియక, నవ్విద్దామని, గుమ్మంలో నిలబడే "రంగేటి మాస్టారూ?" అన్నాను. ఆయన కళ్లు తెరిచి, నన్ను పోల్చుకుని, మెల్లగా, "డికాషన్, మేనేజరుగారూ. ఇంక ఆడను" అన్నాడు. మీరు లేచి పరుగెడతారు, డాక్టర్లకేం తెలుసు, అని మొదలుపెట్టాను. ఆయన బొటనవేలు దుప్పటి మీద కొంచెం కదిలింది, సూది పట్టుకుని బంతి నొక్కినట్టు. నోరు మూసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రమంతా కూర్చున్నాను. ఆయన భాషలో కాపలా కాశాను.

ఇదంతా పలాసలో ఆ పరీక్షల గుమ్మంలో నిలబడి గుర్తు చేసుకుంటూ ఉంటే, లోపలి అమ్మాయి కేకేసింది. "తాతా, సీసా ఇత్తావా, సూత్తూ ఉంటావా?" ఇచ్చాను. దాని మీద నా పేరు చీటీ అంటిస్తూ అడిగింది, "నీళ్లు బాగా తాగుతన్నావా?"

"రోజూ బిందెడు తాగుతానమ్మా" అన్నాను. "బిందె ఖాళీ అయితే మా వీధి కుళాయి దగ్గర నోరు పెట్టేస్తాను."

ఆ అమ్మాయి నవ్వి, రాసుకోబోయింది. నా లోపల ఎక్కడో సుస్సుమంది.

"ఆగమ్మా. రాయకు. పొద్దున్నుంచి ఒక్క గ్లాసు. అదీ సగం పారబోశాను."

"మరి అలా సెప్పావేటి తాతా?"

"రంగు చూశావు కదా" అన్నాను. "జీడిపండు రసం. సగం ఆటే ఆడనిస్తారు."

ఏమనుకుందో, లేచి వెళ్లి కూజాలోంచి పెద్ద గ్లాసుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. గ్లాసుని ఎండకెత్తి చూశాను. ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను.